అల్లుడి పక్కన కూర్చోని ఊరు

మా బసవలింగం సారు దగ్గరికి ప్రశ్న పట్టుకుని వెళ్ళినవాళ్ళకు జవాబు కన్నా ముందు పని దొరుకుతుంది. చింతపండు గింజ తీయమంటారు, చిక్కుడుకాయల ఈనెలు తీయమంటారు, ఏమీ లేకపోతే పాత పేపర్లు తారీఖుల వారీగా సర్దమంటారు. ముప్పై ఏళ్ళు సర్కారు బడిలో పౌరశాస్త్రం చెప్పి, ఆ పుస్తకంలో ఉన్నదేదీ ఊళ్ళలో జరగడం లేదని విసుగొచ్చి, రిటైరయ్యాక తన ఇంటి వసారాలో ఆదివారం పూట మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టిన మనిషి ఆయన. పోస్టాఫీసులో పని చేసే నేను, ఎనిమిదేళ్ళుగా ఆ వసారాలో చింతపండు గింజలు తీస్తున్నాను. ఇన్నేళ్ళలో ఒక్క ప్రశ్నకూ తిన్నగా జవాబు రాలేదు. కథలు మాత్రం బస్తాలకు బస్తాలు వచ్చాయి.

మొన్న ఆదివారం స్వరూప వచ్చింది. పాతికేళ్ళ పిల్ల. రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చేసి, ఉద్యోగం దొరికేదాకా ఊరికే కూర్చోలేక ఊరి సంగతులన్నీ నెత్తినేసుకుంది. వాళ్ళ ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్‌కు మూడు నెలలుగా నీళ్ళు రావడం లేదు. నూట నలభై మంది పిల్లలు బకెట్లు పట్టుకుని పొలాల మోటార్ల చుట్టూ తిరుగుతున్నారు. ఈ పిల్ల కరపత్రం వేసి, మండలాఫీసు ముందు ధర్నా అని ప్రకటించింది. మొదటిసారి పదకొండు మంది వచ్చారు. రెండోసారి నలుగురొచ్చారు, అందులో ఇద్దరు ఫొటో దిగి వెళ్ళిపోయారు. పాపం, ఆ కోపమంతా కడుపులో పెట్టుకుని వచ్చింది. చింతపండు చేట ముందుకు లాక్కుంటూనే అడిగేసింది.

"సారూ, తిప్పి తిప్పి చెప్పకుండ్రి, సక్కగ చెప్పుండ్రి. పెద్ద రాష్ట్రంల ఉన్నప్పుడు రాజధాని దూరం, మన గోస ఎవలికీ వినబడదు అనుకున్నం. రాష్ట్రం చిన్నగైతే సర్కారు మన గడప ముందటికొస్తదన్నరు. వచ్చింది గద! మంత్రులంత మనకు తెలిసినోళ్ళే. ఎమ్మెల్యే ఇల్లు మా ఊరికి నాలుగు కిలోమీటర్లే. మరి గప్పుడు లారీలెక్కి పోయిన జనం గిప్పుడు గడప దాటి ఎందుకొస్తలేరు? కొట్లాడేటోళ్ళకు పెద్ద రాష్ట్రం మంచిదా, చిన్న రాష్ట్రం మంచిదా? ఏదో ఒక్కటి చెప్పుండ్రి."

సారు ఇంకో గుప్పెడు చింతపండు ఆమె చేటలో వేశారు. "నువ్వు ఎం.ఏ. చదివినవు. నాకంత తెల్వదు బిడ్డా. మడిపెల్లి మణెవ్వకు తెలుసు" అన్నారు. ఆ మణెవ్వ ఎవరు, ఏం చదివిందని స్వరూప అడిగింది. "ఆకుకూరలు అమ్ముతది" అన్నారు సారు. స్వరూప మూతి ముడిచింది. ఇక ఈ పూటకు జవాబు గివాబు ఏమీ రాదని తెలిసి నేను హాయిగా కాళ్ళు చాపుకున్నాను. ఆయన చెప్పింది ఇదీ.

కోటగడ్డ పట్నానికి ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది మడిపెల్లి. ఊరి చుట్టూ ఆకుకూరల మడులే. పాలకూర, తోటకూర, పుంటికూర, మెంతి, కొత్తిమీర. ఆకుకూరకు ఒక గుణం ఉంది, అది ఎవరి కోసమూ ఆగదు. తెల్లవారకముందే కోసి ఆరు గంటల్లోపు మార్కెట్లో దించాలి. పొద్దెక్కిందంటే అది కూర కాదు, బర్రెల మేత. అందుకని మడిపెల్లి బతుకంతా ఐదింటికి కదిలే ఒక సర్కారు బస్సు మీద ఆధారపడి ఉండేది. టాపు మీద గంపలు, లోపల ముప్పై ఆరు మంది ఆడవాళ్ళు. ఆ ముప్పై ఆరు మందిలో మణెవ్వ ఒకతె. ఆమెకున్నది అర ఎకరం మడి. మొగుడు చిన్న వయసులోనే పోతే ఆ మడి మీదే ఇద్దరు పిల్లల్ని సాదింది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. బస్సులో ఎవరి గంప తక్కువ నిండినా తన గంపలోంచి నాలుగు కట్టలు తీసి అందులో పడేసేది, ఎందుకేశావని అడిగితే తిట్టేది.

రాష్ట్రం ఇంకా పెద్దగా ఉన్న రోజుల్లో ఆ బస్సు మొదటిసారి ఆగింది. నష్టమొస్తోందని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. పైన అంటే ఎక్కడ అని అడిగితే, రాజధాని అన్నారు. మన బసవలింగం సారు అప్పుడు మడిపెల్లి బడికి కొత్తగా వచ్చిన పంతులు. మీసాలు కూడా కొత్తవే. ఆయనే ముందు నడిచి లారీ మాట్లాడి, ముప్పై ఆరు మందినీ ఎక్కించుకుని, ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేసి రాజధానిలో దించాడు. ఐదో అంతస్తులో ఉన్న ఆఫీసరు, మీది ఏ ఊరు అన్నాడు. చెబితే, అది ఏ జిల్లా అన్నాడు. గోడకు రాష్ట్రం పటం వేలాడుతోంది. సారు ఉత్సాహంగా లేచి వేలు పెట్టి చూపించబోతే, మడిపెల్లి ఉండాల్సిన చోట ఆ పటాన్ని గోడకు కొట్టిన మేకు ఉంది. ఆఫీసరు నవ్వలేదు, కసరలేదు. వీలు కాదు అని రాసి ముద్ర వేసి ఇచ్చాడు.

అప్పుడు చూడాలి మడిపెల్లి ఆడవాళ్ళను! ఆఫీసు ముందు ఫుట్‌పాత్ మీద నాలుగు రోజులు కూర్చున్నారు. ఆ నాలుగు రోజుల్లో వాళ్ళు తిట్టిన తిట్లు సారు ఇప్పటికీ మా ముందు పలకరు. మణెవ్వ లారీ బానెట్ మీద నిలబడి బస్సుల పెద్దాఫీసరు ఏడు తరాలనూ వరుసగా పిలిచి మరీ దుమ్మెత్తి పోసింది. కొంగు జారినా సర్దుకోలేదు. అక్కడ వాళ్ళెవరో ఎవరికీ తెలియదు కదా, ఎవరిని చూసి జంకాలి? పక్క టెంటులో సముద్రం ఒడ్డున ఉప్పుమళ్ళలో పని చేసే ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ మాట వీళ్ళకు సగమే అర్థమయ్యేది. అయినా వాళ్ళ చేపల పులుసు వీళ్ళు తిన్నారు, వీళ్ళ జొన్నరొట్టె వాళ్ళు తిన్నారు. పొద్దున అందరూ కలిసి బస్సు కోసం అరిచేవారు, సాయంత్రం అందరూ కలిసి ఉప్పు కోసం అరిచేవారు. ఐదో రోజు ఎవరి దారిన వాళ్ళు ఉత్త చేతులతో వెళ్ళిపోయారు. పదకొండు నెలల తర్వాత బస్సు మళ్ళీ వచ్చింది. ఎవరు వేయించారో, ఎందుకు వేయించారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

"అంటే పెద్ద రాష్ట్రంల నోరు లేస్తది గని ఆడిదాక చేరదు. అంతేగద సారూ?" అని స్వరూప మధ్యలోనే తేల్చేసింది.

"ఆ చింతపండు బొట్టల గింజ ఉన్నది, చూసి తియ్యి" అన్నారు సారు.

తర్వాత రాష్ట్రం రెండయింది. చిన్న రాష్ట్రంలో ఎమ్మెల్యేలు తక్కువ. మంత్రి కుర్చీలు మాత్రం ఉండాల్సినన్ని ఉండాలి కదా. అట్లా తిరిగి తిరిగి ఒక కుర్చీ మడిపెల్లి అల్లుడు పురుషోత్తానికి దొరికింది. అది కూడా బస్సుల శాఖే! ఆయన భార్య సులోచన మణెవ్వకు అక్క బిడ్డ. అక్క పోయాక సులోచనకు పుట్టిల్లంటే మణెవ్వ ఇల్లే. ప్రమాణం రోజున మడిపెల్లిలో బాణాసంచా కాల్చారు, దండోరా వేసి మరీ బెల్లం పంచారు. మన అల్లుడే మంత్రి, ఇంక మనకేం తక్కువ అని ఊరంతా గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకుంది. రెండేళ్ళు తిరిగాక ఒక సోమవారం ఐదింటికి బస్సు రాలేదు. మంగళవారమూ రాలేదు. డీజిల్ ఖర్చు కూడా గిట్టడం లేదని డిపోలో చెప్పారు.

ఆటోలున్నాయి. అవి ఏడింటికి వస్తాయి, లేకపోతే రావు. మొదటి నెలలోనే ఏడుగురు ఆడవాళ్ళు మడులు దున్నేసి పట్నంలో ఇటుకలు మోయడానికి పోయారు. మిగిలినవాళ్ళు వాడిన కట్టలను గేదెలకు వేసి కళ్ళు తుడుచుకున్నారు. మణెవ్వ సారుతో ఒకటే మాట అన్నది. "దసరాదాక చూస్త సారూ. గప్పటికీ బస్సు రాకుంటె నా మడి గూడ దున్నుత. అరవై ఏండ్లకు నెత్తిమీద ఇటుకలు పెట్టుకుంట."

కొత్త రాష్ట్రం రాజధాని మూడు గంటల దూరమే. వెళ్ళారు. గేటు దగ్గర ఆపినవాళ్ళు లేరు, ఏ జిల్లా అని అడిగినవాళ్ళు లేరు. మంత్రిగారే ఎదురొచ్చి, మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టి, సాసర్లలో చాయ్ ఇప్పించి, పిల్లల క్షేమం పేరుపేరునా అడిగాడు. బస్సు సంగతి చెబితే "చూస్త అత్తా" అన్నాడు. మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ చాయ్, మళ్ళీ "చూస్త అత్తా". అట్లా ఐదు చాయ్‌లు అయ్యాయి. సారుకు కడుపు మండిపోయింది. పెద్ద రాష్ట్రం వాడు కాదని ముద్ర గుద్ది ఇచ్చాడు, ఆ కాగితం పట్టుకునైనా అరవగలిగారు. ఈ "చూస్త"ను ఏం పట్టుకుని అరవాలి? మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత చెప్పనే చెప్పింది, పెద్దవాళ్ళు కనుక మీకు తెలిసే ఉంటుంది.

ఇక లాభం లేదని సారు రాస్తారోకో పెట్టించాడు. మంత్రి పక్క ఊరికి ఏదో శంకుస్థాపనకు వెళ్తూ మడిపెల్లి మీదుగానే పోవాలి. ఇరవై తొమ్మిది మంది ఆడవాళ్ళు గంపలు అడ్డం పెట్టి రోడ్డు మీద కూర్చున్నారు. సారు మూడు రోజులు నినాదాలు నేర్పించాడు. అందరికన్నా గట్టిగా మణెవ్వే పలికింది. పది గంటలకు కార్లు వచ్చి ఆగాయి. పురుషోత్తం దిగి, చేతులు జోడించి, "చిన్నత్తా, మంచిగున్నవా?" అన్నాడు. అంతే! ఇరవై తొమ్మిది కొంగులు ఒక్కసారే నెత్తి మీదికొచ్చాయి. అల్లుడు నిలబడి ఉండగా అత్తలు కూర్చోవడమా? అందరూ లేచారు. ఒకామె ఇంట్లోకి పరుగెత్తి చెంబుతో కాళ్ళకు నీళ్ళు తెచ్చింది. ఇంకొకామె మజ్జిగ తెచ్చింది. ఎండలో ఎందుకు నిలబడ్డావు అల్లుడా అని మూడో ఆమె తాటాకు విసనకర్ర అందుకుంది. గంపలు వాటంతట అవే పక్కకు జరిగాయి. నడిరోడ్డు మీద నినాదం రాసిన అట్ట పట్టుకుని మన సారు ఒక్కడే మిగిలాడు. మంత్రి పాపం మర్యాదస్తుడు, "సారూ, ఎండ బాగున్నది, నెత్తికి రుమాలు గట్టుకోండ్రి" అని చెప్పి కారెక్కాడు.

ఈ ముక్క చెప్పేటప్పుడు సారు తానే పడీపడీ నవ్వారు. ఆ రోజు మాత్రం నవ్వలేదట. ఆడవాళ్ళ మీద అంతెత్తున లేచాడట. "సిగ్గు లేదా మీకు? గా పెద్ద రాజధానిలనే గంత మాటలన్నోళ్ళు, ఈడ నోరు పెగలలేదా?"

"సిగ్గున్నదనే లేచినం సారూ" అన్నది మణెవ్వ. ఆమె కూడా కోపంగానే ఉంది. "గక్కడ మేము ఎవలమో ఎవలికీ తెల్వకపాయె, నోరు లేసింది. గీడ అల్లుడాయె. అల్లుణ్ణి పట్టుకుని ముర్దాబాద్ అంటె రేపు మా పిల్ల మొఖం ఎట్ల సూడాలె? మీరు నేర్పిన కొట్లాట పరాయోళ్ళతోని కొట్లాడేది. ఇంటోనితోని కొట్లాడేది అత్తలకు ఎరుక. దసరా దగ్గరికొచ్చింది. మీరు ఊకె సూడుండ్రి."

మడిపెల్లిలో ఒక పద్ధతి ఉంది. దసరాకు బిడ్డనూ అల్లుణ్ణీ పిలిచి అన్నం పెడతారు. ఆ బంతిలో అల్లుడు ఒంటరిగా తినకూడదు. అత్తింటి పెద్ద ఒకరు ఆయన పక్కన కూర్చుని, ముందుగా తన విస్తట్లో చెయ్యి పెట్టి అన్నం కలపాలి. అప్పుడే అల్లుడు కలుపుతాడు. పక్కన ఎవరూ కూర్చోకపోతే నువ్వు మావాడివి కాదు అని చెప్పినట్టే. ఎంత పెద్ద తగాదా ఉన్నా, కోర్టుల దాకా పోయినా, ఆ ఊళ్ళో ఏ అత్తా ఎన్నడూ అల్లుడి పక్క చోటు ఖాళీగా ఉంచలేదు.

దసరా ముందు రోజు మణెవ్వ కాలినడకన బయల్దేరింది. మడిపెల్లి బస్సు మధ్యలో ఆరు ఊళ్ళు తిరిగి పట్నానికి పోయేది. ఆ ఆరు ఊళ్ళకూ పోయి, ఊరికొకరు చొప్పున ఆరుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకొచ్చింది. ఒకామె పాలు పోస్తుంది, ఒకామె పట్నం ఆసుపత్రిలో ఊడుస్తుంది, ఒకామె బిడ్డ కాలేజీకి పోలేక ఇంట్లో కూర్చుంది. మిగతా ముగ్గురివీ ఇట్లాంటివే బతుకులు. పండుగ పూట పరాయి ఊరికి ఎందుకు రావాలని వాళ్ళు అడిగితే, అన్నం తినకుండా నిలబడటానికి అని చెప్పిందట. అంత మాట విన్నాక ఎవరైనా రాకుండా ఉంటారా, వచ్చారు.

పండుగనాడు మధ్యాహ్నం మంత్రి భార్యతో వచ్చాడు. కాళ్ళకు నీళ్ళిచ్చారు, బొట్టు పెట్టారు, కొత్త బట్టలు పెట్టారు. విస్తట్లో గారెలు, మాంసం, బగారన్నం, పచ్చిపులుసు. దేనికీ లోటు లేదు. మణెవ్వే కొసరి కొసరి వడ్డించింది. పురుషోత్తం ఒక పక్కన సులోచన కూర్చుంది. రెండో పక్కన విస్తరి వేసే ఉంది, మనిషి లేదు. ఇరవై తొమ్మిది మంది మడిపెల్లి ఆడవాళ్ళు, ఆ ఆరుగురు పరాయి ఊళ్ళవాళ్ళు గోడ వారగా నిలబడ్డారు.

"కూసో అత్తా" అన్నాడు మంత్రి.

"చూస్త అల్లుడా" అన్నది మణెవ్వ.

గుమ్మం దగ్గరున్న గన్‌మ్యాన్ దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. మంత్రి చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది. గోడ వార చూస్తే ఒక్కరూ కోపంగా లేరు. కొందరి కళ్ళల్లో నీళ్ళున్నాయి. అల్లుడి పక్కన చోటు ఖాళీగా పెట్టడం వాళ్ళకు మాత్రం సులువా? ఆయనకు తెలియని మొహాలు ఆరు కనిపించాయి. "వీళ్ళెవలు అత్తా? నాకేమైతరు?" అన్నాడు.

"నీకేం గారు అల్లుడా" అన్నది మణెవ్వ. "అందుకే తెచ్చిన."

మంత్రి ఫోన్ తీసి డిపోకు చేశాడు. రేపటి నుంచి మడిపెల్లికి బస్సు రావాలి అని గట్టిగా చెప్పాడు. ఫోన్ పెట్టేసి, ఇంకేం కావాలి, కూర్చో అన్నాడు. ఇక్కడ ఎవరైనా కూర్చునేవారే. నేనైతే మొదటి పిలుపుకే కూర్చునేవాణ్ణి. మణెవ్వ కూర్చోలేదు. "ఫోన్‌ల వచ్చిన బస్సు ఫోన్‌లనే పోతది కొడుకా. నువ్వు మాకు అల్లుడివని బస్సొస్తే, ఆ ఆరూళ్ళోళ్ళు యాడ అల్లుణ్ణి తెచ్చుకోవాలె? రేపు నువ్వు మంత్రివి గాకుంటె మేము యాడ తెచ్చుకోవాలె? ఏడూళ్ళ బస్సు అని కాగితం రాసి డిపో గోడకు అంటిపియ్యి. అందరు సదువుకోవాలె. గప్పుడు కూసుంట."

మంత్రికి కోపమొచ్చింది. పండుగ పూట పిలిచి అన్నం ముందు పంచాయతీ పెడతారా అని లేచాడు. లేస్తూ భార్య వైపు చూశాడు. సులోచన కూడా లేచింది. లేచి, గోడ వారకు నడిచి, చిన్నమ్మ పక్కన నిలబడింది. "నువ్వెందుకే ఆడ?" అన్నాడు. "నేను ఈ ఊరి బిడ్డను" అన్నది ఆమె. ఆయన ముద్ద కూడా ముట్టకుండా వెళ్ళి కారెక్కాడు. ఆమె ఎక్కలేదు. దసరానాడు అల్లుడు ఆకలితో గడప దాటాడని మడిపెల్లిలో ఆ పూట ఎవరి ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. అందరికన్నా ఎక్కువ ఏడ్చింది మణెవ్వే. నా నోరు పాడుగాను, కడుపు నింపి అడిగినా అయిపోయేది అని నెత్తి కొట్టుకుంది. తప్పు చేశామేమోనని సారుకు కూడా భయమేసింది. ఇక బస్సు రాదని, ఆ పిల్ల కాపురం కూడా చెడిందని అనుకున్నాడు. మణెవ్వ మడి దున్నడానికి నాగలి మాట్లాడుకుంది.

ఆరు రోజులు గడిచాయి, సులోచన చిన్నమ్మ ఇంట్లోనే ఉంది. ఏడో రోజు డిపో గోడకు కాగితం అంటింది. ఏడు ఊళ్ళ పేర్లు, ఏ ఊళ్ళో ఎన్నింటికి ఆగుతుందో టైములు, కింద సంతకం. ఎనిమిదో రోజు తెల్లవారుజామున ఐదింటికి బస్సు వచ్చింది. ఆ ఒక్కరోజు మాత్రం అందులో కండక్టర్ వెనకాల మంత్రి ఉన్నాడు. గంపల మధ్య నిలబడటానికి చోటు లేక కొత్తిమీర మోపు చంకన పెట్టుకుని పట్నం దాకా వెళ్ళాడు. వెళ్ళి, మళ్ళీ అదే బస్సులో తిరిగొచ్చి, మణెవ్వ ఇంటి ముందు దిగి, "అత్తా, అన్నమున్నదా?" అని అడిగాడు. పుంటికూర, జొన్నరొట్టె తప్ప ఆ పూట ఇంట్లో ఏమీ లేవు. మణెవ్వ సులోచన చేత రెండు విస్తర్లు వేయించి ఆయన పక్కన కూర్చుంది. తానే ముందు రొట్టె తుంచింది. కళ్ళ నీళ్ళు కూరలో పడుతున్నా తుడుచుకోలేదట.

సారు చెప్పడం ఆపారు. స్వరూప చాలాసేపటి నుంచి గింజలు తీయడం మానేసింది. ముక్కు ఎగబీల్చి, "మరి నా ప్రశ్నకు జవాబేది సారూ? పెద్దదా, చిన్నదా?" అన్నది. గొంతులో ముందున్న పౌరుషం లేదు.

"నువ్వు మండలాఫీసు ముందట ధర్నా చేస్తివి గద. ఎమ్మెల్యే ఇంటికి ఎన్నిసార్లు పోయినవు?"

"పోలేదు సారూ."

"నాలుగు కిలోమీటర్లే అంటివి."

స్వరూప చేటలోని గింజలు వేలితో అటూ ఇటూ జరిపింది. చెవులు ఎర్రబడ్డాయి. "ఆయన మా మేనమామ సారూ" అన్నది. జనం రావడం లేదని ఇంతసేపూ ఊరి మీద పళ్ళు నూరిన పిల్ల! పైగా ఆ మేనమామ ఎత్తుకుని పెంచాడట, కాలేజీ ఫీజు కట్టాడట. ఎట్లా అడగాలి సారూ అని ఏడుపు మొహం పెట్టింది. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

సారు నవ్వలేదు. చేట ఆమె ముందు నుంచి తీసి పక్కన పెట్టారు.

"మేనమామ మీద అలుగుడు గూడ నేనే నేర్పాల్నా బిడ్డా?" అన్నారు. "పో. ఒక్కదానివే మాత్రం పోకు."